మా మరిది కూర్చోబెట్టిన పిల్ల

మా మరిది పోయాడన్న కబురు నేను పప్పుకు తాలింపు వేస్తుండగా వచ్చింది. తాలింపు పూర్తి చేసే బయలుదేరాను. మాడ్చినంత మాత్రాన ఆయన తిరిగి రాడు కదా.

మన చర్చి పత్రికకు ఆయన గురించి మంచి మాటలు రాయమన్నారు. ఉన్నన్ని రాస్తాను.

పటాన్‌చెరులో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక కందిలో మన ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాడు. తెల్లవారకముందే మా గుమ్మంలో నిలబడి, వీధంతా లేచేలా నా మనవరాలిని పిలిచేవాడు. నేనిచ్చిన టీ తాగి "జెర పల్చగున్నది వదినా" అనేవాడు. అని, ఇంకో కప్పు అడిగేవాడు.

లక్డారం జట్టుతో ఆడుతూ మనవరాలు ఎగిరి, కిందికి దిగేటప్పుడు పక్కకు మెలి తిరిగి పడింది. మోకాలిలో టప్పుమన్నదట. సాయంత్రానికి గుమ్మడికాయలా ఉబ్బింది. డాక్టరుకు చూపిద్దామన్నాను.

"ఏంది వదినా, గింత బెణుకుకు దవాఖానా? సున్నం బెల్లం పట్టేస్తే లేచి ఉర్కుతది."

పట్టు వేశాడు. వాపు దిగింది, పిల్ల నడిచింది. అదే మోసం. లోపల లిగమెంటు తెగినా వాపు దిగుతుంది, నొప్పి తగ్గుతుంది. పరుగులో మలుపు తిరిగినప్పుడే మోకాలు నిలవదు. ఆయన మళ్లీ ఆడించాడు, పిల్ల మళ్లీ పడింది. ఈసారి ఎముకల మధ్య గుజ్జు కూడా చీలిందని స్కానింగులో తేలింది. ఆపరేషన్ చేసి, తొడ వెనక కండరపు పట్టీ తీసి కొత్త లిగమెంటుగా అమర్చారు.

ఆస్పత్రి వరండాలోనే అడిగాను: "బిడ్డ కాలు సైకిల్ చైననుకున్నవా? ఊడంగనే ఎక్కిచ్చి తొక్కిపిచ్చినవ్!"



ఆ తర్వాత కసరత్తుల నెలలు. రోజూ వచ్చేవాడు. నేను మాట్లాడకపోయినా వచ్చేవాడు. పిల్ల పక్కన చాప పరుచుకుని, ఆమె కాలెత్తితే తనూ ఎత్తి, ఆమెకంటే ఎక్కువ మూలిగేవాడు.

"తాతా, నీకెవరు కోసిన్రు?" అని పిల్ల నవ్వేది. ఏడుపు తప్ప ఏమీ లేని మా ఇంట్లో ఆ నవ్వు తెచ్చినందుకు నేను కృతజ్ఞురాలిని. అంతవరకే.

పిల్ల పరుగెత్తే రోజు వచ్చింది. నొప్పి లేదు, ఆడతానంది. ఆయన ససేమిరా అన్నాడు.

"డాక్టర్ ఒంటికాలి మీద దుంకిచ్చి చూడాలె. రెండు కాళ్ల బలం ఒక్కతీరుగున్నదనాలె. అందాక కూసో."

"అప్పుడు ఆడమన్నది నువ్వే కదా!" అని పిల్ల అరిచింది.

"అవ్, నేనే. అందుకే చెప్తున్న."

దాన్ని క్షమాపణ అనుకునేవాళ్లు అనుకోండి. నేనింకా అనుకోలేదు.

డాక్టరు పరీక్ష కాకముందే ఆయన పోయాడు. సమాధి కార్యక్రమంలో ఆయన ఓర్పు గురించి ప్రసంగించిన పెద్దలు ఏ మనిషి గురించి మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వచ్చిన ఆదివారం ఆయన పేరు మీద ఆట పెట్టారు. జట్టు కెప్టెన్ అమ్మాయి మా ఇంటికొచ్చి, "తాత కోసం పది నిమిషాలన్నా ఆడవే" అంది.

"పోయినాయనకు పూలు చాలు బిడ్డా, మోకాళ్లు అక్కర్లేదు" అన్నాను.

మనవరాలు నా వైపు చూడలేదు. జెర్సీ తొడిగింది, బూట్లు వేసుకుంది. వద్దనే మనిషి మట్టిలో ఉన్నాడు, నా మాట మా ఇంట్లో ఎన్నడు చెల్లింది గనుక! వెనకే గ్రౌండుకు నడిచాను.

అందరూ చప్పట్లు కొట్టి పిలిచారు. పిల్ల గీత దాకా వెళ్లి ఆగింది. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది.

"తాత ఇంకా ఆడుమనలే" అంది.

ఆట మొదలైంది. కాసేపటికి బంతి గీత దాటి, దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఆమె పాదం ముందు ఆగింది. గ్రౌండంతా ఆ కాలి వైపే చూసింది. పిల్ల వంగి, రెండు చేతులతో బంతిని ఎత్తి, లోపలికి విసిరింది.