కిటికీ కింద గొంతు

హాలిఫాక్స్ సంతలో చేపలమ్మే క్లెమ్ గొంతు సంతకి ఎదురుగా ఉన్న బడిలో ఒక పాఠం. చెవులు చిల్లులుపడే గొంతుని ఇంగ్లీషులో 'స్టెంటోరియన్' అంటారు, గ్రీకు పురాణాల్లో యాభైమంది పెట్టు అరిచే స్టెంటర్ పేరు మీద. ఆ మాట చెప్పే రోజున ఆర్మిటేజ్ టీచరమ్మ ఏటా కిటికీ తెరిచి, "వినండర్రా, ఇదీ దాని అర్థం!" అనేది. క్లెమ్ ఇంకా రెచ్చిపోయి అరిచేవాడు.

ఈ చలికాలం గొంతుకి ఆపరేషనైంది. కేకలు కూతురు బెరిల్ వేస్తోంది. అయినా క్లెమ్ మెడకి మఫ్లరు చుట్టుకుని రోజూ వచ్చి కూర్చుంటాడు.

ఇవాళ పైన బడి కిటికీ తెరుచుకుంది. క్లెమ్ లేచి, నోటి దగ్గర దోసిలిపట్టి, గుండెలనిండా గాలి పీల్చి అరిచాడు. బుసలాంటి గాలి తప్ప ఏమీ రాలేదు.

"కూర్చో నాన్నా, నేనరుస్తాగా!" అంది బెరిల్.

వద్దన్నట్టు ఆమె నోటికి చెయ్యి అడ్డంపెట్టాడు.

పైన టీచరమ్మ పిల్లలతో అంటోంది: "ఒక్క నిమిషం ఆగండర్రా, ఇప్పుడు అరుస్తాడు."