నిమిషం కెప్టెన్

తెరెంజియో జోన్‌జీనికి ఈ లోకంలో అసహ్యం కలిగించనివి మూడో నాలుగో ఉండేవి. ఫుట్‌బాల్ వాటిలో లేదు. అయినా శనివారం వచ్చిందంటే సంచీ సర్దుకుని బయల్దేరేవాడు, ఎందుకంటే మా బుల్లి దేశంలోని అతిపెద్ద లీగులో ఆడే మాంటెకోర్వో జట్టుకి అతనే కెప్టెన్.

కెప్టెన్ అంటే మొదటి నిమిషానికి మాత్రమే.

ఈ ఏర్పాటుకి మూలం కీర్తిశేషురాలు ఎర్సీలియా అమ్మగారు. పిల్లలు లేని ఆ మహాతల్లి తన రెండంతస్తుల ఇంటిని, కింద ఉన్న వైన్ కొట్టుతో సహా, ఊరి జట్టుకి రాసిచ్చింది. రాసిస్తూ ఓ షరతు పెట్టింది. ఆట మొదలయ్యేవేళ కెప్టెన్‌గా నిలబడేవాడు మన గుడి తొట్టిలో బాప్తిస్మం పొందినవాడై ఉండాలి. ఒక్క ఆటకి తప్పినా ఇల్లు కన్యాస్త్రీల మఠానికి పోతుంది. ఆవిడ బతికున్న రోజుల్లో ఇది షరతని ఎవరికీ అనిపించలేదు. జట్టంతా ఆ తొట్టి నీళ్ళతో తడిసిన తలలే. ఇప్పుడు పదిమంది సరిహద్దు అవతల పెద్దదేశంలోని రిమినీ పట్నం నుంచి అత్తరు పూసుకుని వచ్చే కిరాయి ఆటగాళ్ళు. ఊరి కుర్రాళ్ళలో కొందరు వాలీబాల్‌కి పోయారు, మిగతావాళ్ళకి బుద్ధి వచ్చింది. చివరికి మిగిలింది తెరెంజియో. వయసు నలభై ఆరు, ఒక మోకాలు అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. ఉద్యోగం కొండ మీది నగరానికి వెళ్ళే రోప్‌వే పెట్టె తలుపు మూయడం. అదీ ఎక్కిన కాసేపటికే దిగిపోయే ప్రయాణమే.

అతను టాస్‌కి నిలబడేవాడు. విజిల్ మోగేది. బంతి మొదటిసారి గీత దాటగానే మైదానం అంచున ఆటగాణ్ణి మార్చే పలక మీద అతని నంబరు పైకి లేచేది, అతను బయటికి, రిమినీ మిర్కో లోపలికి. చెమటైనా పట్టని ఒంటి మీద గోరువెచ్చని నీళ్ళు పోసుకుని, నీళ్ళు పోయే కన్నంలో అడ్డుపడ్డ పరాయి వెంట్రుకల ముద్దని చూసి ఓ క్షణం కళ్ళు మూసుకుని, మైదానం పక్కనుండే పొయ్యి దగ్గరికి నడిచేవాడు. అక్కడ పొగలో నిలబడి సాసేజులు కాల్చే మనిషి అతని భార్య దొమితిల్లా.

"అప్పుడే వచ్చేశావా? ఇవింకా ఒక పక్కే కాలాయి," అనేది ప్రతివారం. మొదటి సాసేజి ఎప్పుడూ కెప్టెన్‌గారిదే.

ఆ మే నెల శనివారం చీటీల్లో దొమాన్యానో మైదానం వచ్చింది. మా జట్లలో ఎవరికీ సొంత మైదానం లేదు, ఎప్పుడు ఎక్కడ ఆడాలో చీటీలే చెబుతాయి. ఆ రోజు గెలిస్తే ఐరోపా పోటీకి పోవచ్చు. అంటే విమానమెక్కి వెళ్ళి, పెద్దదేశం జట్టు చేతిలో ఏడు గోల్స్ తిని రావచ్చు. ఆ మహాభాగ్యం కోసం జట్టు అధ్యక్షుడు ఇవానో అప్పటికే నీలం కోటు కుట్టించుకున్నాడు. ఇవానో దొమితిల్లాకి తమ్ముడు.

బట్టలు మార్చుకునే గదిలో నొప్పుల నూనె, తడి మేజోళ్ళు, అత్తరు కలిసిన కంపు. ఇవానో తెరెంజియో భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, ఈ రోజుతో నీ కష్టాలు గట్టెక్కాయి."

"ఏం, కన్యాస్త్రీలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారా?"

"కాదు బావా, మనిషి దొరికాడు! మన మిర్కోనే. వాళ్ళ నాన్న కరడుగట్టిన కమ్యూనిస్టట, వీడి నెత్తిన ఒక్క చుక్క పడనివ్వలేదట. బాప్తిస్మం మనిషికి ఒక్కసారే కదా, వీడికింకా కాలేదు కాబట్టి ఫాదర్‌గారు ఒప్పుకున్నారు. రేపు పూజ అవగానే మన తొట్టిలోనే బాప్తిస్మం. జ్ఞానతండ్రివి నువ్వే!"

అద్దం ముందు జుట్టుకి జెల్ పట్టిస్తున్న మిర్కో ఇటు తిరిగాడు. "నీళ్ళు మరీ ఎక్కువ పోస్తారా బాబాయ్? జెల్ కారిపోతుందేమో."

తెరెంజియో కెప్టెన్ పట్టీ చేతికి బిగించుకున్నాడు. ఇన్నేళ్ళలో అతను ఒక్క ఆట కూడా చివరిదాకా ఆడలేదు. ఆడాలని ఉందని ఎవరితోనూ అనలేదు. అన్నిటినీ చీదరించుకునే మనిషికి కోరికలున్నాయని తెలిస్తే పరువేం మిగులుతుంది? ఈ రోజు కాకపోతే మరిక లేదు.

విజిల్ మోగింది. బంతి గీత దాటింది. నంబరు లేచింది. తెరెంజియో వంగి బూటు తాడు కట్టుకున్నాడు, ఆ తర్వాత రెండోది.

రిఫరీ ఒలీందో అతని దగ్గరికి వచ్చాడు. మిగతా రోజుల్లో ఆయనది మందుల షాపు.

"తెరెంజియోగారూ, మీ నంబరే."

"చూశాను. పోను."

"పోనంటే?"

"పోనంటే పోననే."

ఒలీందో ఆకాశం వైపు చూసి ధర్మశాస్త్రం నెమరేసుకున్నాడు. "మార్చాల్సిన ఆటగాడు బయటికి రానంటే ఆట సాగాలని నిబంధన. నేను మందులమ్ముకునేవాణ్ణి, మిమ్మల్ని ఎత్తుకుపోలేను." విజిల్ ఊదాడు.

"బావా! బయటికి రా! పరువు తీయకు!" అంచున ఇవానో గంతులేస్తున్నాడు.

"నీదే తీస్తున్నా. నాది ఇక్కడే ఉంది."

విరామంలో అందరూ లోపలికి పోయినా అతను కదల్లేదు. లోపలికి పోతే మళ్ళీ రానివ్వరని తెలుసు. మైదానం నడిమధ్య చతికిలబడ్డాడు. ఇవానో గీత అవతల నుంచి నారింజ తొన చూపించి, మేకని పిలిచినట్టు పిలిచాడు. తెరెంజియో మొహం తిప్పేసుకున్నాడు.

ఆట గురించి దాచడానికేం లేదు. అవతలి జట్టు కుర్రాడొకడు "జరుగు తాతా" అంటూ మర్యాదగానే అతన్ని దాటిపోయి గోల్ కొట్టాడు. మళ్ళీ అదే పక్క నుంచి ఇంకోటి. మూడోదానికి తెరెంజియో వెంటపడ్డాడు కూడా. అందలేదు సరికదా, గోల్ స్తంభం పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఇన్నేళ్ళ అసహ్యమంతా బయటికి రావడానికి దారి దొరికినట్టుంది. మూతి తుడుచుకుని తన చోటికి తనే నడిచాడు. చివరి విజిల్ మోగినప్పుడు అక్కడే ఉన్నాడు. మూడు-ఒకటి, ఓటమి.

నీలం కోటు మీద కన్నీళ్ళు పడకుండా ముందుకి వంగి ఏడుస్తున్నాడు ఇవానో. "ఐరోపా పోయింది బావా. నీ మూలంగానే పోయింది."

"అక్కడైతే ఏడు తినేవాళ్ళం. ఇక్కడ మూడుతో సరిపెట్టాను."

"రేపు గుడికి వస్తావా, అదీ మానేస్తావా?"

"వస్తాను. నీళ్ళు చల్లగానే పోయించు."

ఒళ్ళంతా చెమట, మేజోళ్ళ నిండా నకిలీ పచ్చికలోని రబ్బరు నలుసులు. కుంటుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. దొమితిల్లా నిప్పుల మీద నీళ్ళు చల్లుతోంది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"అయిపోయాయి," అంది.

"ఒక్కటీ లేదా?"

"ఆట అయ్యాక వచ్చేవాళ్ళకి ఏం మిగులుతుంది? ఇన్నాళ్ళూ నీకేం తెలుసు పాపం."

ఊచలకి అంటుకుని బొగ్గైపోయిన ముక్కని గీకి తీసి, చల్లారిన రొట్టెలో చుట్టి చేతికిచ్చింది. అతను నిలబడే నమిలాడు. పళ్ళ కింద మసి కరకరలాడింది, దాంతోపాటు ఒక రబ్బరు నలుసూ.

"అసహ్యంగా ఉంది," అన్నాడు తెరెంజియో. "ఇంకోటి అంటుకుందేమో చూడు."