మల్లేశం కారులో మోగని ట్వీటర్లు

కరోనా రెండో విడత తగ్గి, మెదక్‌లో దుకాణాల షట్టర్లు మళ్లీ పూర్తిగా పైకి లేచిన ఏడాది అది. వానలు అప్పుడే మొదలయ్యాయి. రామాయంపేట పోయే రోడ్డు మీద నాకు కార్ ఆడియో, ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ట్యాక్సీలు, ట్రాక్టర్లు, పెళ్లిళ్లకు తిరిగే పెద్ద బండ్లు. స్పోర్ట్స్ కారు అనేది అప్పటిదాకా నా షాపు ముందు ఆగలేదు.

అది ఎర్రటి బండి. రెండే డోర్లు, నేలకు ఆనినట్టుండే ఎత్తు. పాతది, రెండు మూడు చేతులు మారింది. అందులోంచి రూఫు పట్టుకుని మెల్లగా దిగిన మనిషికి యాభై దాటి ఉంటాయి. పేరు మల్లేశం. శంకరంపేటలో బోరుబండ్ల ఓనరు. చిన్నప్పుడు బోర్లు వేసే అలాంటి బండి మీదే కూలీగా చేరి, తర్వాత డ్రిల్లర్ అయి, చివరికి సొంత బండి పెట్టుకున్నవాడు.

"పడుచుతనంల చేగుంట కాడ హైవే పక్కన బోరేస్తుంటే గిసొంటి బండే మా ముంగటికెల్లి పోయింది తమ్మి. ఒళ్లంత రాతిపొడి, గట్లనే నిలవడి చూసిన. గిప్పటికి దొరికింది" అన్నాడు, నాలుగు దుకాణాలకు వినిపించేలా. బోరు పని చేసేవాళ్లంతా గట్టిగానే మాట్లాడతారు. నేను వింతగా అనుకోలేదు.

ఆయనకు కావలసింది పాత పాటలు మంచిగా వినిపించడం. డోర్లలోని కంపెనీ స్పీకర్లు విప్పి చూస్తే వాటి కాగితం కోను పొడిపొడిగా రాలింది. పాత స్పోర్ట్స్ కారులో ఆడియో పని కష్టం. డోర్లలో లోతు తక్కువ, పెద్ద స్పీకర్ పెడితే అద్దం దిగేటప్పుడు తగులుతుంది. డోరు లోపలి ప్లాస్టిక్ క్లిప్పులు ఎండిపోయి, ముట్టుకుంటే విరుగుతాయి. నేను చెక్కతో రింగులు కోసి స్పీకర్లను కాస్త ముందుకు తెచ్చాను. కాంపోనెంట్ సెట్ వేశాను. అంటే బరువైన శబ్దాలకు డోరులో ఒక స్పీకరు, సన్నటి శబ్దాలకు అద్దం మూల దగ్గర ట్వీటర్ అనే చిన్న స్పీకరు విడివిడిగా ఉంటాయి. పాటలో మాట తేటగా వినిపించాలంటే ట్వీటరే ముఖ్యం. సీట్ల వెనక యాంప్లిఫయర్, దాని పక్కన బేస్ బాక్స్ పెట్టాను. అన్నీ బిగించి పాట పెట్టి నేనే కాసేపు సీట్లో కూర్చుండిపోయాను. అంత బాగా కుదిరింది.

మల్లేశం విని తల అడ్డంగా ఊపాడు.

"తబలా వస్తుంది. ఆడామె గొంతే నీళ్లల్ల మునిగినట్టున్నది. పాడుతుందని ఎరుకైతుంది గని మాటలు తెలుస్తలేవు."

సెట్టింగులు మార్చాను. మళ్లీ వచ్చాడు. ఇంకా మంచి ట్వీటర్లు హైదరాబాద్ నుంచి తెప్పించి వేశాను. మళ్లీ వచ్చాడు. ఫోనుకు చిన్న మైకు తగిలించి, కారులో ఏ శబ్దం ఎంత వస్తున్నదో గీతల్లో చూపించే యాప్‌తో కొలిచాను. గీతలు సమానంగా ఉన్నాయి. ఏ శబ్దమూ తగ్గలేదు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు.

"చూడు తమ్మి, నిన్ను అంటలేను. నీకు కంపెనోడు డూప్లికేట్ మాల్ ఇచ్చిండు. గీ చిన్నయి మోగుతనే లేవు."

"మోగుతున్నయన్నా. నాకు మస్తు క్లియర్‌గ ఇనొస్తున్నయి."

"మా ఆమెను తోలుకొస్త" అన్నాడాయన. "ఆమె పాడేది. చెవి మంచిది. నాతోని సరిగ మాట్లాడది గని, అబద్ధమైతే ఆడది. ఆమె ఏమంటే గదే."

మరుసటి వారం ఇద్దరూ వచ్చారు. ఆమె పేరు సుగుణ. పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. కారు దిగి ఆయన వైపు చూడకుండా నాతోనే అంది.

"ఏందో ఇనాల్నట. ఈయన రమ్మన్నడు, వచ్చిన."

"అవును వదినా, జర లోపల కూసోండ్రి. స్పీకర్లు మంచిగున్నయో లేవో మీరే చెప్పుండ్రి."

ఇద్దరూ ముందు సీట్లలో కూర్చున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి, పాటకు బదులు స్వీప్ పెట్టాను. అది పాట కాదు. ఒకే శబ్దం లావుగా మొదలై, సన్నబడుతూ సన్నబడుతూ ఈలలాగా పైకి పోతుంది. ఏ స్పీకరు ఎక్కడ ఆగుతున్నదో దానితో తెలుస్తుంది. మొదట బేస్ బాక్సు గురగురమంది. మల్లేశం తల ఊపాడు. డోరు స్పీకర్లు అందుకున్నాయి. అప్పుడూ ఊపాడు. శబ్దం ట్వీటర్లకు ఎక్కింది. ఆయన తల ఆగిపోయింది.

"బందయింది" అన్నాడు నాతో. "చూసినవా? ఈడికే బందయింది."

బంద్ కాలేదు. ఈల కారంతా నిండిపోయి ఉంది. నాకు బయట నిలబడితేనే పళ్లు జివ్వుమంటున్నాయి. పక్క సీట్లో సుగుణ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అయ్యో, బంద్ చెయ్యుండ్రి! చెవులు పలుగుతున్నయి!"

ఆయన ఎదురుగా అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ, ఎప్పుడు మొదలవుతుందా అన్నట్టు కూర్చున్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది.

నేను ఫోను మీద వేలు పెట్టి శబ్దం ఆపేశాను. సుగుణ చేతులు దించి ఆయన వైపు తిరిగింది. నా షాపుకు వచ్చాక ఆమె ఆయన్ని నేరుగా చూడటం అదే మొదలు. మామూలు గొంతుతో అడిగింది.

"నీకు గది ఇనొస్తలేదా?"

ఆయన కదల్లేదు.

"నిన్నే. ఇనొస్తలేదా?"

ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. ఆమె చెయ్యి చాచి భుజం తాకింది. ఉలిక్కిపడి తిరిగాడు.

"ఏందీ? ఏమన్న అన్నవా?"

ఆమె కారు డోరు తీసుకుని దిగి, షాపు లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గాభరాగా వెనకాలే వచ్చాడు. నేను పక్కకు తప్పుకోబోతే ఆమే ఆపింది. "ఉండు తమ్మి, నువ్వుండు" అంది. ఇంట్లో ఇద్దరే ఉండగా తన మనసులోది చెప్పే ధైర్యం ఉండదని భయపడిందేమో.

ఆమె లేచి ఆయనకు ఎదురుగా నిలబడి, మొహంలోకి చూస్తూ, ప్రతి మాటా విడివిడిగా చెప్పింది.

"మా అమ్మకు పానం మంచిగలేనప్పుడు నేను నీకు చెప్పిన. పొయ్యికాడికెల్లి చెప్పిన. అమ్మ నిన్ను అడుగుతుంది, పోదాం రా అన్న. నువ్వు టీవీ చూసుకుంట కూసున్నవ్. మళ్ల చెప్పిన. అప్పుడు గూడ ఇటు తిరగలే. నేనొక్కదాన్నే బస్సెక్కి పోయిన."

ఆయన నోరు కాస్త తెరుచుకుంది.

"నువ్వు చెప్పనే లేదనుకున్న" అన్నాడు. ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది. "చెప్పకుంటనే పోయి, చెప్పిన చెప్పిన అంటున్నవ్ అనుకున్న సుగుణా. అందరి ముంగట నన్ను పలచన చేసినవనుకున్న."

నాకు తర్వాత తెలిసిన సంగతి ఇది. మల్లేశం తల్లి లేకుండా పెరిగినవాడు. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో, సుగుణ తల్లి దగ్గరే ఉన్నాడు. బోరు పని నుంచి ఒళ్లంతా తెల్లటి పొడితో వస్తే, ఆమె వాకిట్లోనే నీళ్లు తోడి పెట్టేది, కళ్లలో నలక పడితే కొంగుతో తీసేది. కొడుకా అని పిలిచేది. పోయేముందు రెండు రోజులు, మల్లేశం వచ్చిండా, మల్లేశం వచ్చిండా అని అడిగింది. ఆమె చావు కబురు విన్నాకే ఆయన వెళ్లాడు. వాకిట్లో సుగుణ అందరి ముందూ, "పిలిస్తే రానోడివి ఇప్పుడెందుకు వచ్చినవ్" అంది. తనను ఎవరూ పిలవలేదని ఆయన అరిచాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ ఎదుటివాళ్లది అబద్ధం అనుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో అవసరానికి తప్ప మాటలు లేవు. ఆమె ముభావంగా మాట్లాడేది. ఆయనకు అసలే వినిపించేది కాదు. తనతో మాట్లాడటం మానేసింది అని ఆయన అనుకున్నాడు. పిలిస్తే పలకడు, పొగరు అని ఆమె అనుకుంది.

ఆ రోజు ఆయన నా షాపులో నిలబడే ఏడ్చాడు. "అత్త నన్ను అడిగిందా? నిజంగ అడిగిందా?" అని ఒకే మాట మళ్లీ మళ్లీ అడిగాడు. ఆమె ప్రతిసారీ గట్టిగా, "అడిగింది" అని చెప్పింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నేను వెళ్లి షట్టరు సగం దించాను.

హైదరాబాద్‌లో చెవి డాక్టరు చూసి చెప్పింది వాళ్లు నాకు తర్వాత చెప్పారు. బోరుబండి కంప్రెసర్ పక్కన ఏళ్ల తరబడి నిలబడటం వల్ల లోపలి చెవి దెబ్బతింది. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. మాటల్లో స, చ, త లాంటివి పోతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది కానీ ఏమన్నారో తెలియదు. ఎడమ చెవి మరీ ఎక్కువగా పోయింది, పని చేసేటప్పుడు కంప్రెసర్ అటువైపే ఉండేదట. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు. చెవి మిషన్లు ఇచ్చారు.

దసరా దాటాక మళ్లీ కారుతో వచ్చారు. పాట పెట్టమన్నాడు. నాలుగు నిమిషాలు కూడా వినలేకపోయాడు. చెవి మిషన్‌తో పాట వింటే రేకు మీద గులకరాళ్లు పోసినట్టుంది అన్నాడు. నేను మళ్లీ సెట్టింగులు మార్చబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"పాట వద్దు తమ్మి. ఇగ దానికి నాకు రుణం తీరింది. బండి చప్పుడు తగ్గిస్తవా? ఈమె పక్కకు కూసొని మాట్లాడితే నాకు ఇనరావాలె. గంతే."

పాత స్పోర్ట్స్ కార్లు ఇష్టపడేవాళ్లు ఆ ఇంజను చప్పుడు కోసమే వాటిని కొంటారు. నేను దాన్ని చంపే పని మొదలుపెట్టాను. సీట్లు, కార్పెట్, డోరు పలకలు అన్నీ విప్పి, నేల మీద, డోర్ల లోపల డ్యాంపింగ్ షీట్ అంటించాను. అది ఒకవైపు జిగురు, ఒకవైపు అల్యూమినియం రేకు ఉన్న మెత్తటి రబ్బరు పొర, రేకు అదురును తాగేస్తుంది. డోర్లకు కొత్త రబ్బరు బీడింగు వేశాను. నాకు తెలిసిన మెకానిక్ సైలెన్సర్ మార్చాడు. బేస్ బాక్స్ తీసేశాను. ఎన్నో ఏళ్లు శబ్దం పెంచే పనే చేసిన చేతులకు అది కొత్త పని.

అన్నీ అయ్యాక ఇంకో చిక్కు తేలింది. ఆయన నడిపితే ఆమె కూర్చునేది ఎడమవైపు. ఆయనకు పోయిన చెవి వైపు. దానికి నా దగ్గర ఏ వైరూ, ఏ షీటూ లేదు. మేం ముగ్గురం కారు చుట్టూ నిలబడి ఆలోచిస్తుంటే సుగుణే అంది.

"నాకు స్కూటీ వస్తది. కారు నేర్చుకుంట. నేను నడిపిస్త, ఈయన ఇటు కూసుంటడు."

మెదక్‌లోనే డ్రైవింగ్ స్కూల్‌లో చేరి నేర్చుకుంది. ఆ చలికాలంలో ఒక ఆదివారం ఆ ఎర్ర కారు నా షాపు ముందు నుంచి సైకిల్ కన్నా కొంచెం వేగంగా వెళ్లింది. స్టీరింగు దగ్గర ఆమె, ఎడమ సీట్లో ఆయన, తల ఆమె వైపు వంచి. అత్త ఊరికి వెళ్తున్నారని తర్వాత తెలిసింది. తల్లి ఆఖరి రెండు రోజులు ఏమేం మాట్లాడిందో దారి పొడవునా సుగుణ చెప్పిందట. "కొన్ని మాటలు అందలే తమ్మి. రెండుసార్లు, మూడుసార్లు చెప్పించుకున్న. యాష్టకు రాలే, ఇసుక్కోకుంట చెప్పింది" అన్నాడు మల్లేశం.

అప్పటి నుంచి ఆయన వినికిడి ఇంకా తగ్గింది. మొన్న కారు బ్యాటరీ మార్చడానికి వచ్చినప్పుడు సుగుణే మాట్లాడింది. ఆయన ఆమె పెదవులు చూస్తూ నిలబడ్డాడు. అమర్చిన స్టీరియో, ట్వీటర్లు, యాంప్లిఫయర్ ఆ కారులో అలాగే ఉన్నాయి. నా చేతుల మీద కుదిరిన మంచి సిస్టమ్‌లలో అదొకటి. దాన్ని ఎవరూ ఆన్ చేయరు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి సౌండు చాలడం లేదంటే, వాళ్లేం పని చేస్తారో ముందు అడుగుతాను. రైసుమిల్లు అన్నా, క్రషర్ అన్నా, బోరుబండి అన్నా, చెవి డాక్టరుకు చూపించుకుని రమ్మంటాను. కొందరు వింటారు, కొందరు కోపం చేసుకుని వేరే షాపుకు పోతారు.

ఇక మా ఇంట్లో, నేను పిలిచినప్పుడు లోపలి గదిలోంచి జవాబు రాకపోతే మళ్లీ కేక వేయను. లేచి వెళ్తాను. ఎదురుగా నిలబడి చెప్తాను.