తాలు కుప్ప

ఇవాళ ఆటో మిరప యార్డు పక్కగా వచ్చింది. ఘాటు ముక్కుకు తగలగానే వరసగా తుమ్ములు. గుంటూరులో ఉంటూ ఈ తుమ్ములేమిటండీ అని డ్రైవరు నవ్వాడు. ఏం చెప్పను! ఎండుమిరప వాసన తగిలితే చాలు, ముందు అనసూయమ్మగారు గుర్తొస్తారు, తుమ్ము ఆ తర్వాతే.

బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పైన ఆవిడ ఆఫీసు, ఒకే ఒక్క గది. నా మొదటి ఉద్యోగం అక్కడే. ఫోనులో చూసి నేర్చుకునే వీడియో పాఠాలకు ప్రకటనలు రాయడం మా పని. జాకెట్టు కత్తిరింపు, కేకుల తయారీ, స్పోకెన్ ఇంగ్లీషు, ఏదైనా సరే. పాఠాలు చెప్పేవాళ్ళు వేరు, కొనాలనిపించేలా రాసేది మేము. ఆవిడ మిరప రైతుల బిడ్డ. భర్త పోయాక ఆ గదినే నమ్ముకుని బతికారు.

చేరిన కొత్తలో కేకుల పాఠాలకు నేను రాసిచ్చాను. మీ వంటిల్లే బేకరీ అయిపోతుందని మొదలుపెట్టి, కొద్ది సీట్లే మిగిలాయని ముగించాను. ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన పాఠాలకు సీట్లేమిటో! ఏది రాసినా ఎదుటి మనిషి మొహం చూస్తూ పైకి చదవాలన్నది ఆవిడ పద్ధతి. సీట్ల దగ్గరికి వచ్చేసరికి నాకే నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

“తాలు ఏదమ్మాయ్?” అన్నారు.

తాలంటే రంగు వెలిసిపోయిన మిరపకాయలు. కల్లంలో ఆడవాళ్ళు కూర్చుని వాటిని ఏరి వేరే కుప్ప పోస్తారు. అవీ అమ్ముడవుతాయి, కాకపోతే తాలుగానే, తాలు ధరకే. మంచికాయలో కలిపేస్తే, కొనేవాడు బస్తాలోకి చెయ్యి పెట్టి గుప్పెడు లాగాడంటే పరువు పోయినట్టే. అందుకని మా ప్రతి ప్రకటనలోనూ ఒక పేరా ఉండి తీరాలి. ఈ పాఠాలు ఎవరికి పనికిరావో, వీటితో ఏది రాదో అందులో చెప్పాలి. దాన్ని తాలు కుప్ప అనేవాళ్ళం. మొదట్లో ఒట్టి చాదస్తం అనుకున్నాను. కానీ ఆ పేరా రాయాలంటే పాఠాలన్నీ కూర్చుని చూడక తప్పదు. నాకు పని వచ్చింది అలాగే.

జాకెట్టు పాఠాలాయన ఇచ్చే పనితోనే మా ఆఫీసు నడిచేది. ఇంట్లో కుట్టు మిషను లేనివాళ్ళు ఇవి కొనొద్దని ఆయన ప్రకటనలో ఆవిడ రాయించారు. కొన్నాళ్ళు ఊరుకుని, ఒకరోజు ఆయన నేరుగా వచ్చాడు. కొనేవాళ్ళను గుమ్మంలోంచే వెనక్కి పంపుతున్నారు, ఆ ముక్క తీస్తారా, పని ఇంకొకరికి ఇచ్చుకోమంటారా అన్నాడు. ఆవిడ మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, నెమ్మదిగానే కుదరదన్నారు. ఆయన వెళ్ళిపోయాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు.

గది ఖాళీ చేసిన రోజు, సామానంతా దించేశాక, ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

“నేనే పొరబడ్డానేమో అమ్మాయ్. యార్డులో అయితే చెయ్యి పెట్టి చూస్తారు. ఫోనులో ఎవరు చూస్తారు? బొమ్మ చూసి నొక్కేస్తారు.”

కాదండీ అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఎన్నాళ్ళో బతకలేదు. గుండెజబ్బు. తను చేసింది తప్పేమో అనుకుంటూనే పోయారు.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. పాత ప్రకటనల్లో నా నంబరే ఉండేది. కొత్తపట్నం నుంచి ఎవరో ఒకామె, జాకెట్టు పాఠాల సంగతి అడిగింది. మేము ఆ పని మానేశామండీ అని చెబుతున్నా వినిపించుకోలేదు.

“మిషను లేకపోతే కొనొద్దని రాశారు కదండీ, అందుకే అప్పుడు కొనలేదు. ఇప్పుడు మిషను తెచ్చుకున్నా. ఏ పాఠాలు మంచివో మీరే చెప్పండి. మీరు చెబితే తీసుకుంటా.”

ఆ మాట వినవలసిన మనిషి వినకుండానే వెళ్ళిపోయారు.

ఇప్పుడు వేరే కంపెనీలో ఇదే పని చేస్తున్నాను. ఏది రాసినా తాలు కుప్పే ముందు రాస్తాను. పైవాళ్ళు చాలాసార్లు తీసేస్తారు, నేను మళ్ళీ పెడతాను. ఎదుట ఎవరూ లేకపోయినా పైకి చదువుతాను. చదవడం అయ్యాక ప్రతిసారీ ఒక మాట నోటిదాకా వస్తుంది. ఇవాళ పైకే అనేశాను.

“ఒకామె చెయ్యి పెట్టి చూసిందండీ, అనసూయమ్మగారూ.”