తుమ్ముకు నిమిషం కాదు, వారం: చెవుల కోసం రేపల్లె, బాపట్ల ప్రయాణం

మా అమ్మాయి సహజ విమానం నడపడం నేర్చుకుంటోంది. ఒకరోజు శిక్షణలో విమానం పైకి ఎక్కుతుండగా దానికి ఉన్నట్టుండి లోకమంతా గిర్రున తిరిగింది. అర నిమిషమే. పక్కనున్న శిక్షకుడు అందుకుని క్షేమంగా దించాడు. కానీ పిల్ల సెలవు పెట్టి తెనాలి వచ్చేసి, "నా వల్ల కాదమ్మా, మానేస్తాను" అని కూర్చుంది. కళ్లు తిరిగిన రోజు పొద్దునే ఫోన్లో నాతో మాట్లాడుతూ అది తుమ్మింది. నేను అలవాటుగా "నిమిషం కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరు. క్లాసు మాత్రం మానకు" అన్నాను.

మా వీధిలో బట్టలు కుట్టే షాహిదా తన మేనమామ మస్తాన్ గారి గురించి చెప్పింది. ఓడల అడుగుభాగం శుభ్రం చేసే డైవరుగా చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు రేపల్లెలో ఉంటున్నారు. ఆయనకూ నీళ్లలో ఇలాగే అయ్యేదట. ఒకప్పుడు పైలట్ల చెవులు పరీక్షించిన డాక్టరు గారు బాపట్లలో ఉన్నారని తెలిసి, మధ్యాహ్నం మూడింటికి సమయం అడిగాను. రెండూ ఒక్క రోజులో కుదిరేలా రాసుకుని, సహజ రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టుకున్నాను.

ఉదయం తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. ఇద్దరికీ ఇరవై రూపాయలు, గంట పైచిలుకు ప్రయాణం. సహజ దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. స్టేషన్ దగ్గర ఆటో అతను "మస్తాన్ గారిల్లా? ఎక్కండక్కా, ఆయన తెలియందెవరికి" అని అరవై రూపాయలకు ఇంటి ముందు దించాడు.

మస్తాన్ గారు సహజను చూసి "ఏంటమ్మా, పైలట్ అంటే ఎంత ఎత్తుంటుందో అనుకున్నా. మా నులకమంచంలో సరిపోయేలా ఉన్నావే!" అన్నారు. అది నవ్వలేదు. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఏ చెవి ముందు తెరుచుకుంది?" అని అడిగారు.

సహజ తలెత్తింది. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. "కుడిదండి. టక్కుమంది. ఎడమది బిగుసుకునే ఉంది. వెంటనే అంతా తిరిగిపోయింది."

"అదే! నాకూ కిందికి దిగేటప్పుడు కాదు, పైకి వచ్చేటప్పుడే. రెండు చెవుల్లోంచి గాలి సమానంగా బయటికి పోవాలి. ఒకటి వదిలేసి ఇంకోటి పట్టుకుంటే, మనం గిర్రున తిరుగుతున్నామని బుర్ర నమ్మేస్తుంది. పైనేదో కిందేదో తెలీక నేను నా బుడగల వంక చూసేవాణ్ణి. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది."

"భయం వేసేది కాదా అండి?"

"ఎందుకు వెయ్యదు? పైకి రావడం ఆపేసి, తాడు పట్టుకుని రెండడుగులు కిందికి దిగి నిలబడేవాణ్ణి. కాసేపటికి తగ్గేది."

"నీళ్లలోనే ఆ నిదానం. ఇంట్లో టీకి కూడా ఆగరు" అంటూ ఆయన భార్య మాకు గ్లాసులు అందించారు. ఈసారి సహజ నవ్వింది.

"ఆ రోజు జలుబుందా?" అన్నారాయన. సహజ నా వైపు చూసింది. నేనే ఫోన్ సంగతి చెప్పాను. ఒక్క రోజూ బడి మానలేదని దానికిచ్చిన సర్టిఫికెట్లు దాచుకున్న తల్లిని నేను.

"తుమ్మితే నిమిషం ఆగమన్నావు, మంచిదే చెల్లెమ్మా. మా పనికి నిమిషం చాలదు, వారం ఆగాలి. రోజూ దిగేముందు ముక్కు మూసుకుని గుటక వేసేవాణ్ణి. రెండు చెవులూ టక్కుమని పలికితేనే నీళ్లలోకి. ఒక్కటే పలికితే ఒడ్డునే. మేస్త్రీ తిట్టేవాడనుకో. తిట్లు వినడానికి చెవులైనా మిగిలాయి!"

భోజనం అక్కడే అయింది. చెరుకుపల్లి మీదుగా బాపట్లకు పల్లెవెలుగు బస్సు పట్టుకున్నాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు లేదు. గంటన్నర పట్టింది. డాక్టరు గారు రెండు చెవులూ, వాటి ఒత్తిడీ పరీక్షించి, "ఇప్పుడు లోపమేమీ లేదు. జలుబుకు ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం వాచి ఉంటుంది. పైకెక్కేటప్పుడు ముక్కు మూసి గట్టిగా ఊదావా?" అన్నారు.

"ఊదానండి."

"అది దిగేటప్పటి పని. ఎక్కేటప్పుడు ఊదితే లోపలున్న ఒత్తిడికి ఇంకాస్త కలిపినట్టే. మళ్లీ అలా తిరిగితే తల కదపకు, ముందున్న మీటర్లనే చూడు, పక్కవాళ్లకు వెంటనే చెప్పు. ఎగరొచ్చని సంతకం పెట్టాల్సింది మీ పైలట్ల డాక్టరు. ఆయన దగ్గర జలుబు సంగతి దాచకు."

"మస్తాన్ గారి బుడగల్లాగే నాకు మీటర్లు" అంది సహజ మెట్లు దిగుతూ. మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. తెనాలి వచ్చే రైల్లో ముక్కు మూసుకుని గుటక వేసి, "అమ్మా, రెండూ!" అని అరిచింది. ఎదుటి సీటు పెద్దావిడ ఉలిక్కిపడింది.

ఇలాంటి పని మీద వెళ్లేవారు ముందు రేపల్లె, తర్వాత బాపట్ల పెట్టుకోండి; తిరుగు రైళ్లు బాపట్ల నుంచే ఎక్కువ. ఏ చెవి, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, జలుబుందా అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు గారు ముందు అడిగేవి అవే.

సహజ పైలట్ల డాక్టరు పెట్టిన పరీక్షలన్నీ నెగ్గి మళ్లీ ఎగురుతోంది. ధైర్యమంటే ఏ రోజూ మానకపోవడమేనని దానికి నేర్పింది నేనే, ఆ పాఠం దిద్దుకోవాల్సిందీ నేనే. నిన్న పొద్దున ఫోన్లో మెసేజీ వచ్చింది: "అమ్మా, ఒక్కటే పలికింది. ఇవాళ ఎగరనని చెప్పేశాను." నా బిడ్డ క్లాసు మానిందని సంతోషపడటం నాకదే మొదటిసారి.