ఇటలీ అక్క

ట్రావెల్ ఆఫీసులో ఆవిడను అందరూ ఇటలీ అక్క అంటారు. ఆ దేశంలో అడుగు పెట్టింది లేదు గాని, వెనిస్‌లో పెట్టెలు మోసుకుంటూ వంతెనలు ఎలా ఎక్కి దిగాలో కళ్లకు కట్టినట్టు చెబుతుంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మ్యాపు పరిచి, పెన్సిలు మొన నాలుకకు అద్దుకుని మొదలుపెడుతుంది. మొన్నొక కాబోయే పెళ్లికొడుకు వచ్చి, హనీమూన్‌కి వారం రోజుల్లో రోమ్, ఫ్లోరెన్స్, పీసా, మిలాన్, వెనిస్, నేపుల్స్ అన్నీ చుట్టేయాలని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పక్కనున్న పెళ్లికూతురు బుద్ధిగా తలూపుతోంది. అక్క ఊళ్ల పేర్లు రాయడం ఆపి, పెన్సిలు ఆమె చేతికిచ్చింది.

"నువ్వు చెప్పు తల్లీ, నీకెక్కడికెళ్లాలనుంది?"

ఆ అమ్మాయి ఫ్లోరెన్స్, వెనిస్ ఉంచి మిగతావన్నీ కొట్టేసింది. "నాకు పొద్దున్నే హడావిడిగా లేవడం చేతకాదండీ. తీరిగ్గా తిరగాలి."

పెళ్లికొడుకు నోరెళ్లబెట్టాడు. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరడిగితేగా!"

అతను ముందు బిక్కమొహం వేసి, ఆనక పకపకా నవ్వాడు. "సరే, ఇంకా ఏమేం చేతకావో ఇప్పుడే చెప్పెయ్" అంటూ కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. ఎవరూ అడక్కపోయినా, అక్క టీ పెట్టే నెపంతో లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.