గుహలో ముసలవ్వకు దండం

ఆ రోజుల్లో, అంటే ఎనభైలలో, ఇంగ్లీషులో అచ్చయిన మాటంటే మాకు సర్కారు హుకుం లెక్క. అందులో జోకు కూడ ఉంటదని ఎవరనుకుంటరు? నేను ఎల్లారెడ్డిలో సర్కారు ఆఫీసుల కొత్తగ గుమాస్తాగ చేరిన. నాతోని ఒకే అర్రలో ఉండే కామారెడ్డి దోస్తును అందరు భాయ్ అనేటోళ్లు. వాళ్లన్న దుబాయి నుంచి ఒక ఆట డబ్బా తెచ్చిండు. వింత మూలల పాచికలు, ఒక ఇంగ్లీషు రూల్సు పుస్తకం, అంతే. ఒకడు కథ చెప్పాలె, ఇంకొకడు అందులో వీరుడై "నేను గిది చేస్త" అనాలె, అయిందో లేదో పాచిక చెప్తది. ఆ రూల్సు రాసినాయన చిలిపోడు. "గుహలోకి బాతును తీసుకుపోరాదు. ఎందుకని అడగొద్దు" అని రాసిండు. మేం అడగలేదు. (బాతుకు ఇంకేమన్న అర్థముందా అని డిక్షనరీ మాత్రం చూసినం.)

ఒక ఆదివారం పొద్దున భాయ్ కథ చెప్తున్నడు. "గుహలో మంత్రాల ముసల్ది పండుకున్నది. మెడ నిండ బంగారం. ఏం చేస్తవ్?"

"ముసల్దాన్ని పొడిచి బంగారం గుంజుకుంట" అన్న, గట్టిగ.

తలుపు కాడ గిన్నె పడ్డ సప్పుడు. చూస్తే ఇంటి ఓనరు అవ్వ. మాకోసం పచ్చిపులుసు తెచ్చింది. మెడలోని బంగారు గుండ్ల దండను కొంగుతోని కప్పుకొని, "రేపటికల్ల అర్ర ఖాళీ చెయ్యిండ్రి" అన్నది మెల్లగ.

"అది ఆట అవ్వా" అన్న.

"గసుంటి ఆట ఏడన్న ఉంటదా, బిడ్డా?"

భాయ్ పుస్తకం పట్టుకొచ్చి, గడప కాడ కూసొని, ముసల్దాని రూలును తెలుగుల చదివిండు. "దండం పెట్టి, పానం ఎట్లున్నదని అడిగితే ఆమే బంగారం ఇయ్యొచ్చు. మా మేనత్తను అడిగి చూసినం, ఇయ్యలేదు." అవ్వ భుజాలు కదిలినయ్. కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె నవ్వినంక గాని అది జోకని మాకు సమజ్ కాలేదు.

అర్ర ఖాళీ చేసే మాట మళ్ల రాలేదు. లోపలికొచ్చి కూసొని, "ఆ ముసల్ది నేనైత. అడుగు, ఎట్లడుగుతవో" అన్నది. నా వీరుడు దండం పెట్టిండు, మోకాళ్ల నొప్పి సంగతి అడిగిండు. ఆమె కట్టెలు కొట్టమన్నది, బర్రెకు గడ్డెయ్యమన్నది. పాచిక ఎట్ల పడ్డా "రేపు చూద్దాం తీ, బిడ్డా" అన్నది. (తీర్పు చెప్పాల్సిన భాయ్, ఆమె వంట రుచి మరిగి ఆమె దిక్కే ఉండె.) నేను ఎల్లారెడ్డిలో ఉన్నన్ని రోజులు నా వీరుడు ఆ గుహలో జీతగాడే.

తర్వాత నా నౌకరి అంత సర్కారు రూల్సు పుస్తకాలతోనే గడిచింది. రాసినాయన ఏ మూలనన్న నవ్విండేమోనని ప్రతిదీ ఆఖరి పేజీ దాక చదివేటోణ్ని. ఒక్కరూ నవ్వలేదు. ఆఫీసుల మాత్రం నాకు రూల్సు బాగ తెలిసినోడని పేరొచ్చింది.